అధికారి ముంచిన చెయ్యి

ఫిరంగులు పోతపోసే పనివాళ్ళకు తోలు చేతి తొడుగులు కావాలన్నాడు పూర్వం ఒక రాజు. తోళ్ళు పదునుచేసే సుంకమ్మ, తంగేడు బెరడు నీళ్ళు నింపిన గోతిలో నలభై రోజులు నానబెట్టిన తోలుతో ఎర్రటి తొడుగులు కుట్టి తెచ్చింది. కోట అధికారి చిత్తరాజు మాత్రం పటిక పట్టించి పది రోజుల్లోనే తెల్లటివి చేయించాడు.

"వేడికి రెండూ ఒకటే ప్రభూ. ఈమెది ఒట్టి బద్ధకం. ఆ తోళ్ళ గొయ్యి పూడ్పించండి" అన్నాడు.

అది ఆమె తాతలు తవ్విన గొయ్యి. సుంకమ్మ తల దించలేదు. కాగుతో పొగలు కక్కే నీళ్ళు తెప్పించింది.

"అయ్యగారు ఎడమచేతికి తమ తెల్లది, కుడిచేతికి నా ఎర్రది తొడుక్కుని, ఏదో ఒక చెయ్యి ముంచి తీస్తే చాలు ప్రభూ."

చిత్తరాజు రెండూ తొడుక్కుని, కాసేపు తటపటాయించి, కుడిచెయ్యి ముంచి తీశాడు.

"చూశారా ప్రభూ, అయ్యగారు అన్నం తినే చేతిని నా తోలుకే అప్పగించారు" అంది సుంకమ్మ.

రాజు తెల్లదాన్ని కర్రతో ముంచి చూస్తే, అది ముడుచుకుపోయి పసిపిల్ల పిడికిలంత అయింది.

"గొయ్యి జోలికి ఎవరూ వెళ్ళరు. అయినా నువ్వూ పది రోజుల్లో చేయలేవా?" అన్నాడు రాజు.

"చేయగలను ప్రభూ. అప్పుడు అయ్యగారు ఏ చెయ్యి ముంచుతారు?"