సన్యాసిరావు గారి రెండు మాటలు

విశాఖపట్నంలో కోరాడ సన్యాసిరావు అని ఒక పెద్దమనిషి ఉండేవాడు. మంచివాడేగాని, మైకు చేతికొస్తే వదిలేవాడు కాదు. "రెండే రెండు మాటలు" అని మొదలుపెట్టేవాడు. ఆ రెండూ అయ్యేసరికి ముందు వరసలో పిల్లలు నిద్రపోయేవారు, వెనక వరసలో పెద్దలు ఇళ్లకి పోయేవారు. ఇక చాలు బాబూ అని జనం చప్పట్లు కొడితే, ఇంకా కావాలంటున్నారు కాబోలనుకునేవాడు. అలా కొట్టి ఆయన్ని పాడుచేసినవాళ్లలో నేనూ ఉన్నాను. నా చప్పట్లు మరీ గట్టిగా వినిపిస్తాయని పేరు కూడా.

ఆ ఏడు దక్షిణాసియా మహిళల రగ్బీ పోటీ మా ఊరికి వచ్చింది. నిర్వాహక సంఘానికి అధ్యక్షుడు సన్యాసిరావే. రగ్బీ గురించి నాకు తెలిసిందల్లా పక్క కుర్చీ ఆయన చెప్పిందే. ఆయనకీ తెలియదని కాసేపటికి తెలిసింది. మొత్తానికి ఇద్దరం కలిసి అర్థం చేసుకున్నది ఇదీ: జట్టుకి ఏడుగురు. కోడిగుడ్డులాంటి బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తి, అవతలి గీత దాటి నేలకి ఆనించాలి. ఆనిస్తే అయిదు పాయింట్లు. ఆ తర్వాత రెండు కర్రల మధ్య నుంచి బంతిని తన్నగలిగితే ఇంకో రెండు. ఏడు నిమిషాలు ఒక సగం, ఏడు నిమిషాలు ఇంకో సగం. అంతే ఆట. కాఫీ చల్లార్చుకుని తాగేలోపు అయిపోతుంది. అందుకే ఆటగత్తెలు ముందే పరుగులు తీసి, ఒళ్లు వేడెక్కించుకుని, ఆ వేడి మీదే మైదానంలోకి దిగుతారు.

ఫైనల్లో మన జట్టుకి శ్రీలంక ఎదురైంది. గెలిచినవాళ్లు ఆసియా పెద్ద పోటీకి వెళతారు. మన కెప్టెన్ పైడితల్లిది విజయనగరం పక్క పల్లె. మోకాలికి రెండు ఆపరేషన్లయ్యాయి. ఈ ఏడాదితో ఆట ఆపెయ్యాలని డాక్టరు చెప్పేశాడు. పెద్ద పోటీలో ఆడాలంటే ఆమెకి ఇదొక్కటే దారి.

సాయంత్రం రెండు జట్లూ చెమటలు కారుతూ గీత దగ్గరికి వచ్చాయి. సరిగ్గా అప్పుడే సన్యాసిరావు మైకు అందుకున్నాడు.

"ఆటకి ముందు రెండే రెండు మాటలు!"

మన పిల్లలు వరసగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. పెద్దాయన మాట్లాడుతుంటే కదలడం మర్యాద కాదు కదా. ఒడిశా నుంచి వచ్చిన సుకాంతి జట్టులో అందరికంటే వేగంగా పరిగెత్తేది. ఆమెకి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా కెప్టెన్ నిలబడిందని ఆమె కూడా నిలబడింది.

సన్యాసిరావు స్త్రీశక్తి గురించి చెప్పాడు. తన తల్లి గురించి చెప్పాడు. చిన్నప్పుడు తాను కబడ్డీలో ఎలా గెలిచాడో, ఎవరెవర్ని పట్టాడో పేరుపేరునా చెప్పాడు. ముఖ్య అతిథికి శాలువా కప్పాడు, ఆయన భార్యకి కప్పాడు, ఊరు చూద్దామని వచ్చిన ఆయన బావమరిదికి కూడా కప్పాడు. సముద్రం మీంచి చల్లగాలి మొదలైంది.

కోచ్ ఎస్తేరు మేడం వేదిక దగ్గరికి పరిగెత్తింది. "సార్, పిల్లల ఒళ్లు చల్లారిపోతోంది. కండరాలు పట్టేస్తాయి. దయచేసి ఆట మొదలుపెట్టించండి."

"అయిపోయిందమ్మా, అసలు విషయానికి వచ్చేస్తున్నా!"

"ఇంతసేపూ చెప్పింది ఏమిటి సార్ మరి?"

"అది ఉపోద్ఘాతం తల్లీ!"

మేం విసిగిపోయి చప్పట్లు కొట్టాం. ఆయన దణ్ణం పెట్టి మళ్లీ అందుకున్నాడు.

ఎట్టకేలకు ఈల మోగింది. మొదటి నిమిషంలోనే సుకాంతి బంతి పట్టుకుని పరుగు తీసింది. నాలుగు అంగలు వేసిందో లేదో, తొడ పట్టుకుని కూలబడింది. జారిపడిన బంతిని శ్రీలంక పిల్ల ఎత్తుకుపోయి గీత అవతల ఆనించింది. సుకాంతిని మోసుకుని బయటికి తెచ్చారు. మిగతావాళ్ల కాళ్లు కొయ్యబారి ఉన్నాయి. మొదటి సగం అయ్యేసరికి శ్రీలంకకి పంతొమ్మిది, మనకి సున్నా.

రెండో సగంలో మన పిల్లల ఒళ్లు మళ్లీ వేడెక్కింది. అప్పుడు చూడాలి ఆట! ఒకటి, రెండు, మూడు సార్లు గీత దాటారు. పదిహేడు వచ్చాయి. ఆఖరి పరుగు పైడితల్లి తీసింది. గీత ఇంకో రెండంగల్లో ఉందనగా ఇద్దరు కలిసి ఆమెని పక్క గీత బయటికి నెట్టేశారు. సమయం అయిపోయింది.

పైడితల్లి గడ్డిలోనే కూర్చుండిపోయింది. సన్యాసిరావు దగ్గరికొచ్చి, "ఏం చేస్తాం తల్లీ, మన అదృష్టం బాలేదు" అన్నాడు.

"అదృష్టం కాదండి. రెండో సగంలో మాకు పదిహేడు, వాళ్లకి సున్నా. మొదటి సగంలో మీ ఉపన్యాసం ఇంకా మా కాళ్లలోంచి దిగలేదు" అంది పైడితల్లి.

ఆయన మొహం మాడిపోయింది. "మరి శ్రీలంకవాళ్లూ విన్నారు కదమ్మా?"

"ఎక్కడ విన్నారు సార్?" అంది ఎస్తేరు మేడం. "మీరేం చెబుతున్నారో తెలియక, వేదిక వెనక్కి పోయి పరుగులు తీస్తూనే ఉన్నారు. మీ మీద గౌరవంతో నిలబడింది మన పిల్లలే."

సన్యాసిరావు తల వంచుకుని బహుమతుల బల్ల దగ్గరికి నడిచాడు.

బహుమతులు ఇచ్చాక అలవాటు చొప్పున ఎవరో ఆయన చేతికి మైకు ఇచ్చారు. అది చూసి గడ్డిలో కూర్చున్న మన పిల్లలు పాపం మళ్లీ లేచి నిలబడ్డారు. సుకాంతి కూడా పైడితల్లి భుజం పట్టుకుని ఒంటికాలి మీద లేచింది. సన్యాసిరావు ఆ కాలు చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు. మైకు బల్లమీద పెట్టేసి, తన కుర్చీ తీసుకెళ్లి సుకాంతికి వేశాడు.

అందుకని పిల్లలూ, పెద్దలూ, ముఖ్యంగా పెద్దలూ, ఇది గుర్తుంచుకోండి: మన మీద గౌరవంతో ఎదురుచూసేవాళ్ల సమయాన్ని మన గొప్ప కోసం వాడుకోకూడదు; అలా వాడుకుంటే తప్పు మనది, నష్టం వాళ్లది.