కొండి కొరకని తేలు

ఆఫ్రికా దక్షిణ భాగాన బోట్స్వానా అని ఓ దేశముంది. ఉత్తరాన ఒకవాంగో నది సముద్రం ముఖం చూడకుండానే ఇసుకలో ఇంకిపోతుంది. ఏనుగులు మందలు మందలుగా అక్కడే జలకాలాడతాయి. తక్కిన దేశం చాలామటుకు కలహారి ఎడారి. వానని అక్కడివాళ్ళు ‘పూలా’ అంటారు, తమ రూపాయికీ అదే పేరు పెట్టుకున్నారు. వాన అంత అపురూపం మరి!

ఆ ఎడారిలో ఓ మీర్‌కాట్ తల్లి కాపురముండేది. మన ముంగిసకి దూరపు చుట్టం, నిలబడితే జానా బెత్తెడు. ముగ్గురు పిల్లలు. వాళ్ళకి తేలే అన్నం. ఇసుక తవ్వి తేలుని పట్టాలి, ముందు కొండి కొరికి పారెయ్యాలి, తర్వాతే పిల్లల నోట పెట్టాలి. ఆ ఇంటి ఆచారమది.

పైన ముళ్ళతుమ్మ మీద ఏట్రింత. తోక చీలిన నల్లపిట్ట. ఒళ్ళంతా నలుపు, నోరంతా తీపి.

“వదినా, తల దించుకుని తవ్వుకో. గద్దొస్తే నేనరుస్తాగా!”

నాలుగు రోజులు నిజమే అరిచాడు. ఐదోనాటి నుంచి ఆమె కొండి కొరికిందంటే చాలు, “గద్ద! గద్ద!” ఆమె తేలు పారేసి బొరియలో దూరేది. బయటికొచ్చేసరికి గద్దా లేదు, తేలూ లేదు.

“అటు తిరిగిపోయింది వదినా, నీ అదృష్టం!”

మూడు రోజులు గడిచేసరికి చిన్నదానికి నిలబడే ఓపిక కూడా పోయింది.

“అమ్మా, గద్దొచ్చినప్పుడల్లా బాబాయి ముక్కుకి ఇసుక అంటుకుంటుందేం?” అంది పెద్దది.

తల్లికి ఒళ్ళు మండింది. కానీ ఒకవేళ నిజం గద్దే వస్తే? పారిపోకపోతే తను పోతుంది, పారిపోతే పిల్లలు పస్తు. ఆలోచించగా ఆలోచించగా ఒకటి తట్టింది. వాడు ఈ వారంలో తిన్న తేళ్ళన్నిటికీ కొండి తీసింది తనే!

మర్నాడు తేలుని పట్టి, కొరికినట్టు బుగ్గలాడించి ఊరుకుంది.

“గద్ద! గద్ద!”

తేలు పారేసి బొరియలో దూరింది. నిజమైతే తను దక్కుతుంది, అబద్ధమైతే తేలు వాడికి దక్కుతుంది.

“చచ్చానొదినా! ఇది కుట్టిందే!”

“తేలన్నాక కుట్టదా మరిదీ? ఇన్నాళ్ళూ కొండి నేను తీసిపెట్టాను. ఇవాళ నువ్వే తీసుకో. నొప్పిగా ఉంటే ఆ గద్దతో చెప్పుకో, వచ్చిందన్నావుగా!”

వాచిన మొహంతో వాడు ఎగిరిపోయాడు. తల్లి బయటికొచ్చి, వాడు వదిలేసిన తేలుని పట్టుకుని, కొండి కొరికి ఉమ్మేసి చిన్నదాని నోట పెట్టింది. అది కరకరా నమిలి, “ఇంకోటమ్మా,” అంది.

పరాయి కష్టం కాజేసేవాడు అందులో పనెంతుందో నేర్చుకోడు. అదే వాడి కొంప ముంచుతుంది.