గవ్వలగుట్ట చేప

అనగనగా, మన తాతల తాతలకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, రాతిమిట్ట అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో కొండలున్నాయి, వంకలున్నాయి, జొన్నచేలున్నాయి. లేనిదల్లా సముద్రమే. సముద్రపు ఒడ్డున బయలుదేరిన ఉప్పుబండి రాతిమిట్ట చేరాలంటే నలభై రోజులు పట్టేది.

ఆ రాజ్యంలో గవ్వలగుట్ట అనే కొండ, దాని కింద చెలమపల్లె అనే ఊరు ఉన్నాయి. గుట్ట అడుగున ఒక చెలమ ఊరేది. ధార సన్ననిదే అయినా ఎంత ఎండాకాలంలోనూ ఆగేది కాదు. చుట్టుపక్కల మూడు ఊళ్ళకు ఆ నీళ్ళే ఆధారం.

చెలమపల్లెలో సుంకులమ్మ అనే ఆవిడ ఉండేది. తిరగళ్ళు, సన్నికళ్ళు వాడగా వాడగా నున్నబడిపోతాయి కదా. వాటికి ఉలితో గాట్లు పెట్టి, మళ్ళీ గరుకు చెయ్యడం ఆవిడ పని. దాన్నే కక్కు కొట్టడం అంటారు. ఇల్లిల్లూ తిరిగి కక్కు కొట్టేది, వాళ్ళు పెట్టిన జొన్నలు కొంగున కట్టుకుని ఇంటికి వచ్చేది.

పని లేని పూట మాత్రం సుంకులమ్మ ఇంట్లో ఉండేది కాదు. గుట్ట మీదికి వెళ్ళి, వానకు జారిపడిన రాతిపలకలను తిరగేసి చూసేది. కొన్ని పలకల అంచున గవ్వ వంపు కనిపించేది. కొన్నిటిలో పొట్టేలు కొమ్ములా చుట్టుకున్న శంఖం కనిపించేది. అలాంటి రాయి దొరికితే ఇంటికి మోసుకొచ్చి అరుగు మీద పెట్టుకునేది. సన్నని ఉలితో చుట్టూ ఉన్న రాతిని పొట్టు పొట్టుగా తీసేది. ఉలి పట్టని చోట ఏదుపంది ముల్లుతో గీకేది. కొబ్బరిపీచుతో దుమ్ము తుడిచేది. నెలో రెండు నెలలో గడిచేసరికి, రాతిలోంచి గవ్వ నిండుగా బయటపడేది.

ఒకసారి తొందరపడి, రాయి మెత్తబడుతుందేమోనని నిమ్మరసం పోసింది. రాయి బుసబుసా పొంగింది. రాయితోపాటు లోపలి గవ్వ కూడా కరిగిపోయింది. ఆ రోజు సుంకులమ్మ అన్నం తినలేదు. ఆ తరువాత ఎన్నడూ తొందరపడలేదు.

అంత చేసినా ఆ గవ్వలను అడిగేవాళ్ళు లేరు. ఎందుకమ్మా ఈ తిప్పలు అని ఇరుగుపొరుగు నవ్వేవాళ్ళు. ఎందుకో ఆవిడకూ తెలియదు. ఉప్పు వర్తకుడు మారిశెట్టి ఒకసారి అటుగా వెళ్తూ ఆ గవ్వలను చూసి, అచ్చం ఇలాంటివి సముద్రపు ఒడ్డున చూశానని చెప్పాడు. అప్పటినుంచి సుంకులమ్మకు మనసు మనసులో లేదు. సముద్రం ఎక్కడ, ఈ గుట్ట ఎక్కడ? ఎంత ఆలోచిస్తే అంత అయోమయంగా ఉండేది.

ఒక వానాకాలం గుట్ట మీద పెద్ద బండ ఒకటి విరిగిపడింది. అందులో ఒక పలక అంచున తోక కనిపించింది. సుంకులమ్మ ఆ పలకను నలుగురి చేత మోయించుకొచ్చింది. వాన వెళ్ళి చలి వచ్చింది, చలి వెళ్ళి ఎండ వచ్చింది. అప్పటికి రాతిలో మూరెడు చేప తేలింది. కన్ను ఉన్న చోటు గుండ్రంగా ఉంది. పొలుసు పొలుసూ లెక్కపెట్టవచ్చు. తోక, ఇప్పుడే ఈదబోతున్నట్టు, కాస్త వంగి ఉంది.

ఊరంతా వచ్చి చూసింది. ఈసారి నవ్విన వాళ్ళు లేరు. కొందరు దణ్ణం పెట్టారు, కొందరు భయపడి పిల్లలను వెనక్కు లాక్కున్నారు. సంగతి రాజుగారి దాకా వెళ్ళింది.

రాతిమిట్ట రాజు వీరభూపాలుడు మంచివాడు. కాని అర్థంకానిది ఏదైనా ఎదురైతే ఆయనకు ముద్ద దిగదు. చేపను కోటకు తెప్పించి, కొలువులో పెట్టించి, చుట్టూ మూడుసార్లు తిరిగి చూశాడు. చేప కొండెక్కడం ఏమిటి, రాతిలో దూరడం ఏమిటి అని కొలువును అడిగాడు.

ఆస్థాన పండితుడు శేషావధాని లేచి, భూమిలో గింజ మొలిచినట్టే రాతిలో రూపాలు మొలుస్తాయని, ఇది రాతిలో మొలిచిన చేప అని చెప్పాడు. సేనాపతి సింగమనాయుడు అది కాదన్నాడు. పొరుగురాజు శిల్పుల చేత చేపను చెక్కించి, మనను బెదరగొట్టడానికి మన గుట్టలో పెట్టించాడని ఆయన మాట. ఉప్పు వర్తకుడు మారిశెట్టి ఇద్దరి మాటనూ కొట్టిపారేశాడు. గుట్ట కింద సముద్రం ఉందని, తవ్వితే ఉప్పునీళ్ళు పైకి పొంగుతాయని అన్నాడు.

ముగ్గురి మాటా వినక ముందు రాజుకు ఉన్న అయోమయం ఒకటి. విన్న తరువాత అది మూడైంది.

అయితే ఆ ఏడు రాజ్యంలో ఉప్పుకు కరువు. పొరుగురాజు అలిగి బండ్లదారి మూసేశాడు. జనం చప్పిడి గంజి తాగుతున్నారు. అందుకని రాజు మనసు వర్తకుడి మాట వైపు మొగ్గింది. గుట్టను తవ్వడానికి గడ్డపారలు సిద్ధం చెయ్యమన్నాడు. గుట్టను పగలగొడితే చెలమ ఏమవుతుందని మూడు ఊళ్ళవాళ్ళూ మొరపెట్టుకున్నారు. రాజు ఆలోచించి, ఆ గుట్ట రాళ్ళతో పదేళ్ళుగా మెలిగిన మనిషినే అడుగుదామని, ఎనిమిదో రోజున కొలువుకు రమ్మని సుంకులమ్మకు కబురు పెట్టాడు.

ఆ కబురు విని, మొదటిరోజు శేషావధాని పల్లకీలో వచ్చాడు. రాతిలో సగం మొలిచిన చేపలు కూడా చూశానని కొలువులో చెబితే, ఆవిడ మీద పద్యం చెబుతానన్నాడు. రెండోరోజు సింగమనాయుడు గుర్రం మీద వచ్చాడు. చేప మీద ఉలిగాట్లు చూశానని చెబితే, కోటలో ఇల్లు ఇప్పిస్తానన్నాడు. మూడోరోజు మారిశెట్టి బండిలో వచ్చాడు. గుట్ట రాళ్ళు తడిగా, ఉప్పగా ఉంటాయని చెబితే, తవ్వకానికి ఆవిడనే పెద్దను చేయిస్తానన్నాడు.

ముగ్గురూ చదువుకున్నవాళ్ళు, లోకం తిరిగినవాళ్ళు. వాళ్ళు చెప్పేది నిజమేనేమో, తనకే తెలియడం లేదేమో అనుకుంది సుంకులమ్మ. ముగ్గురికీ ఒకే జవాబు చెప్పింది: "చూసి చెబుతానయ్యా."

మిగిలిన రోజులన్నీ ఆవిడ చూస్తూనే ఉంది. పదేళ్ళుగా దాచిన రాళ్ళన్నీ అరుగు మీద పరిచింది. విరిగిన గవ్వలు కనిపించాయి కాని, సగం మొలిచినది ఒక్కటీ కనిపించలేదు. తన ఉలి జారిన గీతలు తనకు తెలుసు. ఈ రాళ్ళ మీద కాని, తాను తీసిన చేప మీద కాని అవి తప్ప వేరే గాటు లేదు. ప్రతి రాతినీ నాలుక మీద పెట్టి చూసింది. ఏ రాయీ ఉప్పగా లేదు. ముగ్గురి మాటా నిలబడలేదు. కాని నిలబడే మాట తన దగ్గరా లేదు. ఏమీ తెలియకుండా రాజు ముందు నిలబడటం ఎలాగా అనుకుంది.

ఎనిమిదో రోజు వచ్చింది. చెలమపల్లె మగవాళ్ళంతా గడ్డపారలతో గుట్ట దగ్గర నిలబడి ఉన్నారు. రాజు ఊ అంటే తవ్వాలి. సుంకులమ్మ కొలువులో నిలబడింది.

"ఈ చేప కొండ మీదికి ఎలా వచ్చింది?" అని రాజు అడిగాడు.

"తెలియదు ప్రభూ."

కొలువు గుసగుసలాడింది. పండితుడు మీసాల్లో నవ్వుకున్నాడు. రాజు మొహం ముడుచుకుంది. పదేళ్ళు రాళ్ళతో గడిపి తెలియదంటావా, తెలియనిదానివి ఇంతకాలం ఏం చేశావని నిలదీశాడు.

సుంకులమ్మ ఉన్నమాటే చెప్పింది. చేప పొట్ట దగ్గర రాయి కొంచెం ఉబ్బుగా ఉందని, లోపల ఏదో ఉందని తన వేళ్ళకు తోస్తోందని, చేప పాడవుతుందని భయపడి ఇంతవరకు దాన్ని తాకలేదని చెప్పింది. మూడు రోజులు గడువిస్తే ఇక్కడే, అందరి ఎదుటా తీసి చూపిస్తానంది. లోపల ఏముందో మాత్రం తనకూ తెలియదంది.

ఉలి జారితే చేప ముక్కలవుతుంది. అప్పుడు చూపించడానికి ఏమీ మిగలదు, తవ్వకం మొదలవుతుంది. అది ఆవిడకూ తెలుసు, రాజుకూ తెలుసు. రాజు గడువిచ్చాడు.

మొదటిరోజు కోట ముంగిట ఎండలో కూర్చుని, పొట్ట మీది రాతిని ఆవగింజంత చొప్పున తీసింది. కొలువంతా చుట్టూ మూగింది. మధ్యాహ్నానికే అందరికీ విసుగొచ్చి వెళ్ళిపోయారు. రాజు ఒక్కడే దూరంగా కూర్చున్నాడు.

రెండోరోజు ఉలి పక్కనపెట్టి ముల్లు పట్టింది. సాయంత్రానికి సన్నని గీతలు కొన్ని బయటపడ్డాయి. అవేమిటో తెలియలేదు. రాజు ఆసనం దగ్గరికి జరుపుకున్నాడు. ఇవి ఎముకలా, పగుళ్ళా అని అడిగాడు. తనకూ ఆ సందేహమేనని చెప్పింది సుంకులమ్మ. రాజు తనకు తెలియకుండానే, ఊదిన దుమ్ము ఆవిడ కంట పడకుండా విసనకర్ర అందుకున్నాడు.

మూడోరోజు ఆవిడ చెయ్యి తిమ్మిరెక్కింది. తిమ్మిరెక్కిన చేత్తో ముల్లు పట్టకూడదు. ఆవిడ చెయ్యి దించి, ఊపిరి పీల్చుకుని, కాసేపు ఊరికే కూర్చుంది. చుట్టూ మళ్ళీ జనం చేరారు. ఇక వల్ల కాదేమోనని కొందరు అన్నారు. తిమ్మిరి తగ్గాక మళ్ళీ మొదలుపెట్టింది. పొద్దు వాలే ముందు పీచుతో దుమ్ము తుడిచి పక్కకు జరిగింది.

పెద్ద చేప పొట్టలో బెత్తెడు చేప ఉంది. దాని తల, పెద్ద చేప తోక వైపు తిరిగి ఉంది.

రాజు వంగి చాలాసేపు చూశాడు. "తల ముందుగా మింగింది," అన్నాడు నెమ్మదిగా. "దీనికి ఆకలి వేసింది."

శేషావధాని దగ్గరకొచ్చి చూశాడు. గింజ మొలవడం తెలుసు కాని, మొలిచిన గింజ ఇంకో గింజను మింగడం తాను ఏ పుస్తకంలోనూ చదవలేదని ఒప్పుకుని పక్కకు తప్పుకున్నాడు. సింగమనాయుడు చూశాడు. ఎవరూ చూడని పొట్ట లోపల ఏ శిల్పీ బొమ్మ చెక్కడని ఆయనే అన్నాడు. ఇక మిగిలింది మారిశెట్టి. ఇది నిజం చేప, సముద్రం చేప, కనక గుట్ట కింద సముద్రం ఉన్నట్టేనని ఆయన గట్టిగా చెప్పాడు.

రాజు సుంకులమ్మ వైపు చూశాడు.

"ఇది బతికిన చేప, ప్రభూ. అంతవరకు నా చేతులు చూశాయి. సముద్రం ఒకప్పుడు ఇక్కడ ఉండే ఉండాలి. ఇప్పుడు కింద ఉందా అంటే, మా చెలమ నీళ్ళు గుట్ట అడుగునుంచే వస్తాయి. తాగి చూడండి."

గుర్రం మీద మనిషి వెళ్ళి కుండతో నీళ్ళు తెచ్చాడు. రాజు తాగాడు, వర్తకుడి చేత తాగించాడు. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. కింద ఉప్పు సముద్రం ఉంటే ఊట తియ్యగా ఎందుకుంటుందని రాజు అడిగాడు. మారిశెట్టి ఇంకో గుక్క తాగి చూసి, తియ్యనివేనని ఒప్పుకున్నాడు.

"అయితే ఆ సముద్రం ఎటు పోయింది సుంకులమ్మా?"

"తెలియదు ప్రభూ."

ఈసారి రాజుకు కోపం రాలేదు. "నాకూ తెలియదు," అన్నాడు. ఆ మాట ఆయన కొలువులో అనడం అదే మొదటిసారి. అన్నాక ఒళ్ళు తేలికపడినట్టయింది. ఆ రాత్రి కడుపునిండా భోంచేశాడు.

తవ్వకం ఆగిపోయింది. గడ్డపారలు ఇళ్ళకు వెళ్ళిపోయాయి. గుట్టలో ఉప్పు లేదని తేలాక, రాజు పంతం మాని పొరుగురాజు దగ్గరికి తానే సంధికి వెళ్ళాడు. అలకకు కారణం ఏమిటో తెలియక అదే అడిగాడు. పొరుగురాజు చెప్పాడు, ఇద్దరూ మాట్లాడుకున్నారు. నెలలోపు బండ్లదారి తెరుచుకుంది. గంజిలో ఉప్పు పడింది.

శేషావధాని, సింగమనాయుడు, మారిశెట్టి ముగ్గురూ, ఆ రాళ్ళ సంగతి తామే చూడాలని, ఒకరికి తెలియకుండా ఒకరు చెలమపల్లెకు వచ్చి, ఒకే అరుగు దగ్గర ఎదురుపడ్డారు. సుంకులమ్మ తలా ఒక రాయీ, తలా ఒక ముల్లూ ఇచ్చి కూర్చోబెట్టింది. సేనాపతి మొదటి గవ్వను విరగ్గొట్టాడు, రెండోదాన్నీ విరగ్గొట్టాడు, మూడోదాన్ని నిండుగా తీశాడు. తీసి, ఇది ఇక్కడికి ఎలా వచ్చిందని అడిగాడు. నలుగురిలో చెప్పగలిగినవాళ్ళు లేరు. మళ్ళీ ముళ్ళు అందుకున్నారు.

తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకున్నవాడే తెలుసుకోవడం మొదలుపెడతాడు.