విస్తళ్ళమ్మిన సత్రం

కొండదారిలో ఓ సత్రం ఉండేది. కట్టించింది జమీందారు జగ్గభూపతి తాతగారు, వండి వడ్డించేది సన్యాసమ్మ. దివాణం నుంచి బియ్యం దసరాకి ఒక్కసారి వచ్చేవి, దీపావళికే అడుగంటేవి. ఆకలి మాత్రం రోజూ వచ్చేది. అందుకని సన్యాసమ్మ తిన్నవాళ్ళ చేత తలా ఒక విస్తరి కుట్టించి, పెళ్ళిళ్ళకు అమ్మి, ఆ డబ్బుతో పొయ్యి వెలిగించేది.

ఒక మధ్యాహ్నం వేట నుంచి ఆకలితో నకనకలాడుతూ వచ్చిన జమీందారు ఆ విస్తళ్ళ కట్టలు చూసి మండిపడ్డాడు.

"మా ధర్మసత్రంలో వ్యాపారమా? పాపిష్టి సొమ్ము! ఇవాళ్టితో మానెయ్!"

"చిత్తం దొరా," అని సన్యాసమ్మ పీట వేసి, విస్తరి పరిచి, నీళ్ళు చల్లి, చేతులు కట్టుకుని నిలబడింది.

"అన్నమేదే?"

"ఇవాళ వండింది ఇక్కడ తినేవాళ్ళు తలా ఒకటి కుట్టిన విస్తళ్ళమ్మిన సొమ్ముతో కొన్న బియ్యం దొరా. పాపమని మీరే సెలవిచ్చాక తమకెలా వడ్డించను? దివాణం బియ్యం దసరాకి వస్తాయి. రాగానే వండి పెడతాను, అందాకా కూర్చోండి."

పక్కనే బండివాళ్ళు వేడివేడి పప్పన్నం కలుపుకుంటున్నారు. జమీందారు గుటకలు మింగుతూ కాసేపు మీసం దువ్వుకున్నాడు. చివరికి గొంతు తగ్గించి అడిగాడు:

"ఆ ఆకులూ పుల్లలూ ఇటు పట్రా. ముందు కుట్టాలా, తిన్నాక కుట్టాలా?"