మంగతాయారు చొక్కా

ఆ ఏడు మాఘ బహుళ విదియ సాయంత్రం కొండ్రుపాడులో మంగతాయారుకు అన్యాయం జరిగింది. చేసినవాడు బుర్రకథ దళంలో హాస్యం చెప్పే కోటిలింగం. అది అన్యాయమని వాడికి తెలియదు. ఊరంతా కడుపుబ్బ నవ్వింది కనుక ఘనకార్యం చేశాననే అనుకున్నాడు.

బుర్రకథలో నడుమ తంబుర పట్టి కథ చెప్పేది ఒకరు, కుడిపక్క వంతగా నిలబడి లోకం సంగతులు మాట్లాడేది ఒకరు, ఎడమపక్క నిలబడి నవ్వించేది ఒకరు. ఆ దళంలో కథ చెప్పేది గంగరత్నం. కోటిలింగానికి ఆమే గురువు. కథకు ముందు నవ్వించేవాడు ఊళ్ళో ఓ చుట్టు తిరిగి రావడం ఆనవాయితీ. ఎవరు పిసినారి, ఎవరు పేకాటలో పెళ్ళాం గాజులు పోగొట్టాడు, ప్రెసిడెంటుగారి కొత్త మోటారుసైకిలు ఏ సందులో మొరాయించింది, ఇలాంటివి ఏరుకొచ్చి కథలో కలుపుతాడు. ఆ మధ్యాహ్నం కోటిలింగం బస్టాండు మూల మంగతాయారు బజ్జీల బండి దగ్గర కూచున్నాడు. మొగుడు పోయిన మనిషి, ఒంటి చేత్తో బతుకుతున్న మనిషి. "కథ చెప్పేవాడివా? తిను నాయనా, గొంతు లేస్తుంది" అని రెండు మిరపకాయ బజ్జీలు ఊరికే పెట్టింది. వాడు బజ్జీలు తిన్నాడు. చీరమీద ఆవిడ తొడుక్కున్న మగవాళ్ళ చొక్కా చూశాడు.

సాయంత్రం మైకులో, "మంగతాయారు మొగుడు పోయాడని ఎవరన్నారండీ? చొక్కా వేసుకుని బజ్జీలు వేస్తుంటేనూ!" అన్నాడు.

పందిరి ఎగిరిపోయేంత నవ్వు. ఆడవాళ్ళ మధ్య కూచున్న మంగతాయారు వైపు తలలన్నీ తిరిగాయి. ఆవిడ కొంగు భుజం చుట్టూ లాక్కుని లేచి వెళ్ళిపోయింది. పెద్ద చదువులు చదివినవాళ్ళు దీన్ని సమయస్ఫూర్తి అంటారు. మా ఇళ్ళల్లో తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటాం.

మర్నాడు బండి తెరవలేదు. పిల్లకాయలు ఆవిడ గుమ్మం ముందు చేరి "చొక్కా మొగుడు, చొక్కా మొగుడు" అని పాట కట్టారు. ఆ బండి కదలకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

గంగరత్నం శిష్యుణ్ణి ఒక్క మాటా అనలేదు. చివరికి వాడే ఉండబట్టలేక అడిగాడు.

"గురువమ్మా, పొద్దుట్నుంచీ నాతో మాట్లాడరేం? ఉన్నమాటేగా అన్నాను. కథలో మిమ్మల్ని రోజూ ముసలి గాడిద అంటాను, మీకెన్నడూ కోపం రాలేదే! ఆవిణ్ణి అంతకంటే ఏమన్నాను?"

"సాయంత్రం చెబుతాలే" అని ఆమె మంగతాయారు ఇంటికి వెళ్ళింది.

సాయంత్రం కథకు రమ్మని పిలిస్తే తలుపు సగమే తెరుచుకుంది. "మళ్ళీ నవ్వులపాలు కావడానికి రమ్మంటావా తల్లీ? నిన్నటిది చాల్లే."

"నీకు నోరుందా?"

"నోరు లేకుండా బస్టాండులో బండి నడుస్తుందా?"

"అయితే రా. ఆ చొక్కా వేసుకునే రా."

ఆ సాయంత్రం కథ ఎత్తుకోకముందే జనం "చొక్కా! చొక్కా!" అని అరుపులు మొదలుపెట్టారు. గంగరత్నం సభకు నమస్కారం చేసి, వేదిక దిగి, మంగతాయారు చెయ్యి పట్టుకుని పైకి తెచ్చింది. నడుమ తన చోట నిలబెట్టింది. తంబుర ఆవిడ భుజాన పెట్టి, మైకు ఆవిడ నోటి ఎత్తుకు దించింది. తాను పోయి ఆడవాళ్ళలో కూచుంది.

"ఊఁ, ఇప్పుడనరా నిన్నటి మాట" అంది అక్కణ్ణుంచి.

కోటిలింగం తల తిప్పాడు. పక్కనే, మూరెడు దూరంలో, ఆవిడ మొహం. జనం ఊరుకుంటారా! ఎలాగో నోరు పెగల్చుకుని, "ఆ చొక్కా... ఎవరిదండీ?" అన్నాడు. ఆవిడ కోసం నిన్న దొరకని 'అండీ' ఇవాళ ఎక్కడ దొరికిందో!

"మా ఆయనది" అంది మంగతాయారు. తన గొంతు తనకే అంత పెద్దగా వినబడేసరికి మైకు నుంచి కాస్త వెనక్కి జరిగింది. "కాగే నూనె చిందితే ఒళ్ళు కాలకుండా వేసుకుంటాను. బతికినన్నాళ్ళూ ఆయన నాకు అడ్డం నిలబడిన పాపాన పోలేదు. పోయాక చొక్కా నిలబడుతోంది. మొగుడికంటే చొక్కా నయం కాదుటమ్మా?"

నవ్వు ముందు ఆడవాళ్ళ వైపు నుంచి లేచింది. మగవాళ్ళు అందుకోవడానికి కాస్త తటపటాయించారు.

ఆవిడ కోటిలింగం వైపు తిరిగింది. "అవును గానీ నాయనా, నా బజ్జీలు తిని నీకు తోచింది ఇదా? మిరపకాయ నోట్లో ఆగకుండా బుర్రకెక్కిందా ఏం?"

"తందాన తానా!" అన్నాడు కుడిపక్క వంత, అలవాటు కొద్దీ.

ఇంక చూడాలి! పందిరిలో నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకోనివాళ్ళు లేరు. కోటిలింగం చెవుల దాకా ఎర్రబడ్డాడు. అయినా ఆపుకోలేక వాడూ నవ్వేశాడు.

మర్నాడు మంగతాయారు బండి తెరిచింది. చొక్కా అని పాట ఎత్తుకున్న పిల్లకాయకు గరిటె చూపించి, "మీ నాన్న చొక్కా కూడా పట్రారా, మీ అమ్మకు పనికొస్తుందేమో అడుగుదాం" అంది. బెంచీమీద కూచున్న ఆ నాన్న గబగబా బజ్జీ మింగేశాడు. పాట అక్కడితో ఆగిపోయింది.

దళం మరో ఊరికి బయల్దేరినప్పుడు కోటిలింగం మళ్ళీ అడిగాడు. "మొన్న నా మాటకు లేచి వెళ్ళిపోయిన మనిషి, నిన్న అదే చొక్కా మాటకు ఊరిని ఊపేసింది. నేను కొత్తగా అన్నదేమీ లేదు కదా గురువమ్మా?"

"లేదురా" అంది గంగరత్నం. "నీ మాట అలాగే ఉంది. ఆవిడ నిలబడ్డ చోటే మారింది."