దాచుకున్న దెబ్బ

రాజుగారి చెవిలో గుబిలి గడ్డకట్టింది. ఆస్థాన వైద్యుడు బంగారు పుల్ల బయటికి తీశాడు.

"లోపలిదాకా తవ్వేస్తాను ప్రభూ. నా చెయ్యి వణకదు!"

సభలో ఓ మూలనున్న డప్పు గంగులు గబగబా ముందుకొచ్చాడు. తన డప్పు మెచ్చిన చెవి అది!

"నూనె చుక్కలు వేస్తే మెత్తబడి అదే వస్తుంది మహారాజా" అన్నాడు.

"డప్పు కొట్టుకునేవాడివి, నీకెందుకురా వైద్యం?" అని కసిరాడు వైద్యుడు.

"అయితే అయ్యవారు ముందు ఆ పుల్ల తమ చెవిలో పెట్టుకోండి. పక్కన నేనొక్క దెబ్బ కొడతాను."

రాజు సరేనన్నాడు. వైద్యుడు పుల్ల చెవిలో పెట్టుకున్నాడు. గంగులు కర్ర ఎత్తాడో లేదో, వైద్యుడు చటుక్కున పుల్ల లాగేసుకున్నాడు.

"ఇంకా కొట్టనేలేదు ప్రభూ! పుల్ల తమ చెవిలో ఉండగా బయట ఏనుగు ఘీంకరిస్తే? ఆయన చెయ్యి వణక్కపోయినా తమ తల అదరదా?" అన్నాడు గంగులు.

రాజు నూనె తెప్పించాడు.

చెవి తేలికపడ్డ రోజున, ఆనాడు కొట్టకుండా దాచుకున్న దెబ్బ నిండు సభలో రొమ్ము విరుచుకుని కొట్టాడు గంగులు.