ఖాళీ సీట్ల వకాల్తా

లాయరు చెన్నకేశవకు కంటిమీద కునుకు లేదు. వచ్చే వారం ఢిల్లీలో కాంపిటీషన్ కమిషన్ ముందు పెద్ద కేసు వాదించాలి. గెలిస్తే ఇక వెనక్కి చూసుకోనక్కర్లేదు. గెలుస్తాననే నమ్మకమూ ఉంది. అయినా లోపల ఏదో ముల్లు. అందుకే కడపలో తన గురువు గౌస్ పీర్ స్వామి దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"ఫోను మాటలు గాల్లో పోవడానికి దారులుంటాయి స్వామీ. స్పెక్ట్రమ్ అంటారు. సర్కారు వేలం వేస్తే నేను వాదించే ఫోను కంపెనీ అందరికన్నా ఎక్కువ పాడి మొత్తం దక్కించుకుంది. కొండపల్లెల వైపు మాత్రం వాడటం లేదు. ఒక చిన్న కంపెనీ వచ్చి, అక్కడ మేం సిగ్నలిస్తాం, ఆ దారి బాడుగకివ్వండని అడిగింది. మావాళ్లు ఇవ్వలేదు. పోటీకి రానీకుండా తొక్కిపెట్టారని అది కేసు వేసింది. లైసెన్సు మాది. వాడితే వాడతాం, లేకుంటే లేదు. అంతే గదా స్వామీ?"

పీర్ స్వామి చెప్పులేసుకున్నాడు. "రాయచోటిలో పనుంది. తోడు రా."

బస్సెక్కగానే ముందు రెండు వరసలకూ టికెట్లు అడిగాడు.

"ఎంతమంది స్వామీ?" అన్నాడు కండక్టరు.

"మేమిద్దరమే."

"మిగతావి దయ్యాలకా?"

"దుడ్లిస్తే ఇయ్యవా?"

కండక్టరు నవ్వి టికెట్లు కొట్టాడు. స్వామి ఒక సీటు మీద శాలువా, ఇంకోదాని మీద సంచి, వెనక వరసలో చేతికర్ర అడ్డంగా పెట్టి, కిటికీ పక్కన కూర్చున్నాడు. "ఎవరన్నా అడిగితే నువ్వు చెప్పు. లాయరువు గదా," అని కళ్లు మూసుకున్నాడు.

కొండ ఘాటు రోడ్డు రాకముందే బస్సు కిక్కిరిసింది. నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని ఒకామె ఎక్కింది.

"అన్నా, ఈ సీట్లో ఎవురు?"

"టికెట్లు తీసుకున్నామమ్మా."

"ఎవురికి?"

"మాకే."

"ఇద్దరికి ఇన్ని సీట్లా? నడుములు వాలుస్తారా ఏమి?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "సంచికి గూడ టికెట్టు తీసినాడప్పా పెద్దమనిషి," అన్నాడు నిలబడున్న ముసలాయన.

చెన్నకేశవ ముఖం కందిపోయింది. "డబ్బులు కట్టాం. సీట్లు మావి."

"మీవే అన్నా. కాదనలేదు," అందామె. "ఖాళీగుండాయి గదా, అంటున్నా."

అతను సీటు మీది సంచి వైపు చూశాడు. 

గువ్వలచెరువు ఘాటు మలుపులో బస్సు ఒరిగింది. ఆమె ఒంటిచేత్తో కడ్డీ పట్టుకుని తూలింది. పాప ఉలిక్కిపడి ఏడుపందుకుంది. చెన్నకేశవ గబగబా లేచి సంచీ, శాలువా, కర్రా అన్నీ ఒళ్లోకి లాక్కున్నాడు.

"కూర్చోమ్మా. తాతా, నువ్వూ రా."

స్వామి కళ్లు తెరిచాడు. "ఏం నాయనా, కేసు ఓడిపోతివా?"

 బస్సు ఘాటు దాటాక చెన్నకేశవ మెల్లిగా అడిగాడు.

"ఢిల్లీలో ఏం చెప్పేది స్వామీ?"

"ఈ యమ్మకు చెప్పిందే చెప్పు."

"మొదట చెప్పిందా, చివర చెప్పిందా?"

 పాప కాళ్లు చాపుకునేందుకు పీర్ స్వామి కొంచెం పక్కకు జరిగి కూర్చున్నాడు.